సముద్రం దాటిన గిడుగులు

మా గవ్వలరేవులో వాన ఎప్పుడూ చెప్పి రాదు. పొద్దున్న మామిడి ముక్కలు ఆరబెట్టుకుంటే మధ్యాహ్నానికి అవి ఈదుతూ ఉంటాయి. అందుకే ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ ఒక గిడుగు ఉండేది. గిడుగంటే ఇప్పటివాళ్ళకి తెలీదు కదా, చెబుతాను. వెదురుబద్దల చట్రం మీద తాటాకు అల్లి, పెద్ద చేటని బోర్లించినట్టు చేస్తారు. నెత్తిన పెట్టుకుంటే నడుం దాకా కప్పుతుంది. చేత్తో పట్టుకోనక్కర్లేదు. వంగి నాట్లు వేస్తున్నా వీపు తడవదు, రెండు చేతులూ ఖాళీ. మా అత్త నూకాలు అల్లిన గిడుగు మూడు వానాకాలాలు ఆగేది.

నేను కాపరానికి వచ్చిన రెండో ఏటి మాట. తెల్లదొరల రాజ్యం. మామ అప్పటికే లేడు. నా పెనిమిటి తాటాకు కోసుకొచ్చేవాడు, అత్తా నేనూ అల్లేవాళ్ళం. చలికాలమంతా అల్లి, ఆరుద్ర కార్తె ముందు ఆ పది పదిహేను రోజుల్లో సంతలో పెట్టి, గిడుగుకి ఇంతని వడ్లు కొలిపించుకునేవాళ్ళం. ఆ గింజలే మాకు ఏడాది తిండి. నాట్లు అయిపోయాక గిడుగు వైపు ఎవరూ చూడరు. ఆ ఏడు మూడొందలు అల్లాం. అరుగు మీద దొంతర్లు పెట్టి, మబ్బు కోసం చూస్తూ కూచున్నాం. మబ్బు కంటే ముందు చట్టం వచ్చింది.

ఊరి మీద అధికారిగా థార్న్‌బీ దొర అని ఒకాయన ఉండేవాడు. చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. చెడ్డవాడైతే రెండు కేకలేసి ఊరుకునేవాడు, గొడవ అక్కడితో సరి. ఈయనకి న్యాయమంటే ప్రాణం. మా ఊరొచ్చి మూడేళ్ళయింది. వచ్చీ రాగానే, తన దేశంలో పెద్దసభ ఎలా ఉంటుందో అచ్చం అలాంటిదే మాకూ కావాలని ఒక సభ పెట్టాడు. ఆరుగురు సభ్యులు. సభకి పెద్ద, హెడ్ గుమాస్తా జగ్గప్ప పంతులు. దొరమాట అర్థమయ్యేది ఆయనకి ఒక్కడికే గనక ఆయన్నే స్పీకరు అన్నారు.

వాళ్ళ దేశంలో స్పీకరు తనంత తాను కుర్చీ ఎక్కకూడదట. ఇష్టం లేనట్టు గింజుకోవాలట, ఇద్దరు లాక్కెళ్ళి కూచోబెట్టాలట. పంతులుకి ఆ కుర్చీ అంటే చచ్చేంత ఇష్టం. కానీ ఆచారం ఆచారమే కదా. సభ జరిగే ప్రతి మంగళవారం ఇద్దరు బంట్రోతులు ఆయన్ని వీధిలోంచి ఈడ్చుకెళ్ళేవాళ్ళు, ఆయన "వలదు, వలదు" అని కేకలు పెట్టేవాడు. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు పాపం ఏం నేరం చేశాడో అనుకునేవాళ్ళు. నెత్తి మీద తెల్ల విగ్గు ఉండాలంటే కొబ్బరిపీచు సున్నంలో ముంచి పెట్టారు. ముందు బంగారు దండం నడవాలంటే రోకలికి పసుపు పూశారు.

ఇంకోటి, ప్రతిపక్షం. దొర ఏమన్నా కాదనడానికి ఒకడు ఉండి తీరాలి, లేకపోతే అది సభే కాదట. మా ఊళ్ళో దొరని కాదనేవాడు ఎవడున్నాడు? చివరికి గానుగ బంగారయ్యకి ఆ పని అప్పజెప్పారు. నూనె వ్యాపారి, మనిషి గానుగంత ఉండేవాడు. భయపడుతూ భయపడుతూ "కాదు బాబూ, తప్పుగా అనుకోకండి బాబూ" అనేవాడు. రాన్రానూ అలవాటైపోయి, ఇంట్లో పెళ్ళాం అన్నానికి పిలిచినా కాదనేవాడు.

వోటు దగ్గరే చిక్కు వచ్చేది. అవునన్నవాళ్ళు ఒక గుమ్మంలోంచి, కాదన్నవాళ్ళు ఇంకో గుమ్మంలోంచి బయటికి నడవాలి. మా సభ జరిగేది పాత ఉప్పు కొట్టులో. దానికి గుమ్మం ఒక్కటే. అందుకని కాదన్నవాళ్ళు కిటికీలోంచి దూకాలని తీర్మానించారు. అయిదుగురు సభ్యులు అరవై దాటినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కాబట్టి ప్రతి చట్టానికీ వాళ్ళు అవునే.

ఇదిలా ఉండగా, అప్పటికి రెండు దీపావళుల కిందట దొరల సీమ నుంచి ఓడ ఒకటి ఆరొందల నల్లగుడ్డ గొడుగులు దించిపోయింది. గిడ్డంగిలో ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటే పోయింది. ఒకావిడ ముచ్చటపడి కొని నాట్లకి తీసుకెళ్ళింది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో నారు. సాయంత్రం ఆవిడ మొగుడు మడి చూసి, "ఇది నువ్వు నాటేవా, కొంగలు నాటేయా?" అన్నాడు. ఇంక ఎవరూ వాటి జోలికి పోలేదు.

దొరకి నిద్ర పట్టలేదు. ఎవరో బలవంతంగా ఆ గొడుగులకి అన్యాయం చేస్తున్నారని ఆయన నమ్మకం. వాళ్ళ దేశం వర్తకంలో అందరినీ సమానంగా చూస్తుందట. సమానంగా ఉంటే మంచి సరుకే గెలుస్తుందట. గొడుగు గెలవలేదంటే ఎక్కడో సమానత్వం తప్పిందన్నమాట. పది రోజులు ఆలోచించి కనిపెట్టాడు.

ఆ కనిపెట్టిందేమిటో, వీధిలో తప్పెట వేయించి జగ్గప్ప పంతులు మా అరుగు ముందు నిలబడి చదివాడు.

"ఓ నూకాలూ! సావధానముగా వినుము. నల్ల గొడుగు ఆరువేల మైళ్ళు సముద్రము దాటి వచ్చినది. తుపానులు చూచినది. నీ గిడుగు ఈ అరుగు మీదినుండి ఈ వీధి చివరకు వచ్చినది. కాశీనుండి నడిచి వచ్చినవానిని, ప్రక్కయింటినుండి వచ్చినవానిని ఒక్క గీత మీద నిలిపి పరుగు పెట్టించుట న్యాయమా?"

మా అత్త అడ్డచుట్ట నోట్లోంచి తీసింది. మా వైపు ఆడవాళ్ళు నిప్పున్న కొస లోపల పెట్టుకుని పొగ తాగుతారు కదా, అది తీసి మాట్లాడిందంటే విషయం పెద్దదని అర్థం.

"నాయం కాదు బావూ. కాశీ నుంచొచ్చినోణ్ణి కూకోబెట్టి కాసిని మంచినీల్లియ్యండి. నా గిడుగేటి సేసినాది?"

"నీ గిడుగు ప్రయాణము చేయలేదు. అదియే దాని అపరాధము. ఇకమీదట ఏ సరుకైనను సముద్రముపై వెళ్ళి, రేవున దిగి, సుంకపు చావడిలో ముద్ర వేయించుకొని గాని సంతకు రారాదు. దీనికి సమప్రయాణ చట్టమని పేరు."

"ఆరువేల మైల్లు నాను ఏ పడవ మీదెల్లాలి?"

"ప్రభుత్వమువారు కరుణామయులు. అరమైలు చాలునన్నారు. తక్కిన అయిదువేల తొమ్మిదివందల తొంబదితొమ్మిదిన్నర మైళ్ళు మన్నింపబడినవి."

ఆ మంగళవారమే సభలో చట్టాన్ని మూడుసార్లు చదివారు. వాళ్ళ ఆచారం అది. మొదటి రెండుసార్లు ఎవరూ వినలేదు కాబోలని మేం అనుకున్నాం. వోటుకి పెట్టారు. అయిదుగురు గుమ్మంలోంచి నడిచారు. బంగారయ్య ఆరోజు నిజంగానే కాదన్నాడు. పాపం, ఆయన నూనె డబ్బాలు కూడా పడవెక్కాలి మరి. కిటికీలోకి ఎగబాకాడు. నడుం దగ్గర ఇరుక్కుపోయాడు.

మేం వీధిలో నిలబడి చూస్తున్నాం. తలా చేతులూ మా వైపు, మిగతాదంతా సభ వైపు.

"లాగండర్రా!" అని ఆయన కేకలు.

లోపలి నుంచి పంతులు గొంతు వినపడింది. "గౌరవ సభ్యులు సగము లోపలను, సగము వెలుపలను ఉన్నారు. అట్టి వోటు లెక్కకు రాదు. చట్టము ఏకగ్రీవముగా ఆమోదింపబడినది."

మర్నాడు జాలరి మైలపల్లి దానయ్య కుట్టుపడవలో, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలెండి, నలభై గిడుగులు వేసుకుని అత్తా నేనూ ఎక్కాం. నేను అప్పటిదాకా సముద్రాన్ని ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకోడమే గానీ ఎక్కి ఎరగను. అల మీద పడవ లేచినప్పుడల్లా మా అత్త నన్ను కాదు, గిడుగుల్ని పట్టుకునేది. అరమైలు పోయి వెనక్కి తిరిగి, మేం బయల్దేరిన చోటే దిగాం. అక్కడ సుంకపు చావడి. చావడంటే నాలుగు గుంజలూ ఒక కప్పూ, అంతే. గుమాస్తా కూర్మయ్య కళ్ళజోడుకి దారం కట్టుకుని, పెద్ద పుస్తకం తెరిచి కూచున్నాడు.

"ఏ సరుకు?"

"గిడుగులు," అంది అత్త.

"ఏ దేశం నుంచి దిగుమతి?"

"అదిగో ఆ అరుగు మీద నుంచి. ఇక్కడికి అవుపిస్తంది కదేటి."

"అరుగు కాదమ్మా. పడవ ఎటునుంచి వచ్చింది?"

"సముద్రం మీద నుంచి బావూ," అన్నాడు దానయ్య.

కూర్మయ్య కాసేపు ఆలోచించి, దేశము: సముద్రము, అని రాశాడు. తర్వాత గడి, దేనికి పనికొచ్చును. తర్వాత గడి, యజమాని ఎవరు. ఇలా ఒక్కొక్క గిడుగుకీ విడివిడిగా నలభైసార్లు అడిగాడు. నలభయ్యోది అయ్యేసరికి సంత ఎత్తేశారు.

రెండోరోజుకి వరస పెరిగింది. ఒక్క గిడుగునే పంపితే అది పక్షపాతం కదా, చట్టం అందరిదీను. కుండలొచ్చాయి, తోటకూరొచ్చింది, చింతపండు వచ్చింది. తోటకూర వెళ్ళేటప్పుడు పచ్చగా వెళ్ళి వచ్చేటప్పుడు ఉప్పు వేసిన కూరలా వచ్చింది. పెరుగమ్మే పోలి నాలుగు కడవలు పడవెక్కించింది. అలలకి కడవలు ఊగీ ఊగీ, ఒడ్డుకి వచ్చేసరికి పైన వెన్న, అడుగున మజ్జిగ.

"చీటీలో పెరుగని ఉంది," అన్నాడు కూర్మయ్య. "ఇందులో పెరుగేదీ?"

"నీ సముద్రమే సిలికేసినాది. దాన్నడుగు," అంది పోలి.

"పెరుగు మాయం. అనుమతి లేని వెన్న పట్టివేత," అని రాసుకుని, వెన్న పట్టేసుకున్నాడు. ఆ వారంలో కూర్మయ్య కాస్త ఒళ్ళు చేశాడని కొందరన్నారు. నేను చూడలేదు, నాకు తెలీదు.

ఊళ్ళో ఒక్క చేపలవాళ్ళే దర్జాగా తిరిగారు. వాళ్ళ సరుకు పుట్టింది సముద్రంలోనే గనక అది అసలు సిసలు దిగుమతి. చందువ చేపని చేతిలో పట్టుకుని "సీమ సరుకమ్మా, సీమ సరుకు" అని అరుస్తూ పోయేవాళ్ళు.

అయితే వీటన్నిటి వెనక మా గిడుగులు వరసలో పడిపోయాయి. ఎనిమిది రోజులు గడిచేసరికి ముద్ర పడ్డవి డెబ్బై. రెండొందల ముప్ఫై అరుగు మీదే ఉన్నాయి. తూర్పున మబ్బు దిగింది. నారు తీతకి వచ్చింది. పొలాల ఆడవాళ్ళు వడ్లు మూటగట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చేవాళ్ళు, గిడుగుల్ని నిమిరి చూసేవాళ్ళు, ముద్ర లేని గిడుగు నెత్తిన కనిపిస్తే బంట్రోతు లాక్కుంటాడని వెళ్ళిపోయేవాళ్ళు. వడ్లు మా గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతున్నాయి. మా అత్త ఆ మూటల వంక చూసేది. ఖాళీ గాదె వంక మాత్రం చూసేది కాదు.

ఆ రోజు అడిగింది నన్ను. "ఒసే కోడలా, నీకు రాత వచ్చును గదా?"

"రెండో తరగతి రాత, అత్తా."

"సాలు. ఆ పంతులు కుర్సీ ఎనకాల సంచీ ఒకటి యేలాడతంది, ఏటది?"

నేను విన్నది చెప్పాను. వాళ్ళ దేశంలో ఎంత బీదవాడైనా సభకి అర్జీ పెట్టుకోవచ్చట. కుర్చీ వెనక సంచీలో వేస్తే సభ జవాబు చెప్పి తీరాలట. మూడేళ్ళుగా ఆ సంచీలో పంతులు తమలపాకులు దాచుకుంటున్నాడు.

"రాయి మరి," అంది. "ఒక సరుకు ఎన్నాల్లు ఈ ఊర్లో ఉంటే ఈ ఊరి సరుకవుద్ది? అంతే. ఇంకేటీ రాయొద్దు."

మంగళవారం సంచీలో తమలపాకుల మధ్య నా కాగితం దొరికింది. దొర చదివించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఒక బీద స్త్రీ సభని ప్రశ్న అడిగింది! లేచి నిలబడి తెలుగులోనే చెప్పాడు. ఆయన తెలుగు పంతులు నేర్పిన తెలుగు.

"నేను మిక్కిలి సంతోషించితిని. మా దేశపు పురాతన ధర్మము ప్రకారము ఒక సంవత్సరము మీద ఒక దినము. అంతకు మించి ఇచ్చట నివసించిన వస్తువు ఇచ్చటిదే యగును."

కిటికీ అవతల నుంచి మా అత్త అడిగింది. "అయితే బావూ, గిడ్డంగిలో నల్ల గొడుగులొచ్చి ఏడాదిన్నర దాటిపోనాది. అవి ఈ ఊరివే గదేటి?"

పంతులు విగ్గు సర్దుకున్నాడు. దొర వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. న్యాయమంటే ప్రాణమని చెప్పాను కదా, ముఖం ఎర్రబడిందే గానీ మాట తప్పలేదు.

"అవును. గొడుగులు పడవ ఎక్కవలెను."

ఒకటి తక్కువ ఆరొందల గొడుగులూ దానయ్య పడవలో ఎక్కాయి. సరుకు పాడవలేదని సాక్ష్యం కోసం ఒక్కొక్కటీ తెరిచి చూపాలని కూర్మయ్య పట్టుబట్టాడు. ఒడ్డున కాదు, సముద్రం మీదే, ఎందుకంటే ఒడ్డున తెరిస్తే అది వాడకం కిందికి వస్తుందట. దానయ్య మనుషులు అక్కడ తెరిచారు. పడమటిగాలి తన పని తాను చేసింది. నా జన్మలో అంత అందమైనది మళ్ళీ చూడలేదు. ఒకటీ రెండూ కాదు, నల్లటి పువ్వుల్లా వందల గొడుగులు అలల మీద బోర్లా పడీ, వెల్లకిలా పడీ, ఎవరో పిలిచినట్టు వరసగా తమ దేశం వైపు బయల్దేరాయి. కొన్ని దారి మర్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి గానీ చాలామటుకు వెళ్ళిపోయాయి.

గొడుగులు పోయినా చట్టం పోలేదు. దానికీ మూడు చదువులు, వోటు కావాలి. మర్నాడే ఆరుద్ర. అత్త మళ్ళీ నా చేత రాయించి దొరకి పంపింది. ఈసారి కూడా ఒక్క మాటే.

"దొరగోరు వచ్చి మూడేళ్ళు."

దొర ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని చూశాడు. పంతులు "ఇది ధిక్కారము, ప్రభువులు సరుకు కారు" అని అరవబోయాడు. దొర చెయ్యెత్తి ఆపాడు.

"చట్టమునకు పైన ఎవరును లేరు పంతులూ. అదియే మా దేశపు కీర్తి," అని టోపీ తీసుకుని రేవుకి నడిచాడు.

ఊరు ఊరంతా వెనకాల. దానయ్య ఆయన్ని తోటకూర పక్కన కూచోబెట్టి తీసుకెళ్ళి తెచ్చాడు. వెళ్ళేటప్పుడు తెల్లదొర, వచ్చేటప్పుడు తోటకూర రంగు. చావడిలో కూలబడ్డాడు. అప్పుడే చినుకు మొదలైంది. కూర్మయ్య పుస్తకం తెరిచాడు. తెరవకపోతే ఉద్యోగం పోతుంది, తెరిస్తే ఏం పోతుందో తెలీదు.

"ఏ... ఏ సరుకండీ?"

"దొర," అన్నాడు దొర.

"యజమాని ఎవరండీ?"

"రాజుగారు."

"అయితే రాజుగారు స్వయంగా వచ్చి సంతకం పెట్టి విడిపించుకోవాలండీ. మూడు రోజుల్లో రాకపోతే వేలమండీ. తమరు రాసిందేనండీ." కూర్మయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "దేనికి పనికొచ్చును అని ఇంకో గడి ఉందండీ."

సంతంతా ఆలోచనలో పడింది. చివరికి దానయ్య మెల్లిగా అన్నాడు, "పొడుగ్గా ఉన్నారు. తాటికాయలు కొయ్యొచ్చు బావూ."

"ఏలంలో నాను రెండు గిడుగులిత్తాను," అంది పెరుగు పోలి.

"కొన్నాక తిండెవలెడతారే? రొట్టెలూ గుడ్లూ తింటాడు," అంది మా అత్త. "నా కొద్దు తల్లీ."

ఎవరో కిసుక్కుమన్నారు. దొర మా అందరి ముఖాలూ చూశాడు. పెదవి బిగబట్టాడు, బిగబట్టాడు, ఇంక ఆపుకోలేక పక్కున నవ్వాడు. మూడేళ్ళలో ఆయన నవ్వగా అదే చూడ్డం.

ఇంతలో వాన దబ్బున పడింది. చావడి కప్పు ప్రభుత్వం వారిది, ధారగా కారింది. దొర గొడుగు కోసం చుట్టూ చూశాడు. గొడుగులు అప్పటికే ఎక్కడికి వెళ్ళాయో తెలుసు కదా. మా అత్త చుట్ట తీసి పక్కన పెట్టి, గిడుగు ఒకటి తెచ్చి ఆయన నెత్తిన పెట్టింది. ఆయన దాన్ని పట్టుకోబోయాడు.

"పట్టుకోనక్కర్నేదు బావూ. వొగ్గీండి. ఉంటాది."

వదిలేశాడు. ఉంది. తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఒక చేత్తో కాగితం తీసుకున్నాడు, ఒక చేత్తో కలం తీసుకున్నాడు. గిడుగు కింద పొడిగా కూచుని చట్టం రద్దు రాశాడు.

సభని చావడికే పిలిపించారు. జోరువానలో పంతుల్ని ఈడ్చుకొచ్చి ఉప్పుబస్తా మీద కూచోబెట్టారు, ఆయన "వలదు" అనడం మర్చిపోలేదు. మూడుసార్లు చదివారు. వోటు. బంగారయ్యకి రద్దంటే ఆనందమే, కానీ ప్రతిపక్షం కదా, కాదనాలి. "కాదు బాబూ!" అని లేచి కిటికీ కోసం వెతికాడు. చావడికి గోడలే లేవు. చుట్టూ తిరిగి తిరిగి వచ్చి కూచున్నాడు.

"కిటికీ లేనందున ప్రతిపక్షము లేదు. రద్దు ఏకగ్రీవము," అన్నాడు పంతులు.

కూర్మయ్య మెల్లిగా చెయ్యెత్తాడు. "ఆ కాగితం ఇక్కడే రాశారండీ. సముద్రం దాటలేదండీ."

నిజమే కదా. దానయ్య కాగితాన్ని పడవలో పెట్టుకుని, తడవకుండా పైన మా గిడుగు బోర్లించి, అరమైలు వెళ్ళి వచ్చాడు. సిరా చుక్క చెదరలేదు. కూర్మయ్య ముద్ర గుద్దాడు. దేశము: సముద్రము.

చీకటి పడేలోగా రెండొందల ముప్ఫై గిడుగులూ వెళ్ళిపోయాయి. దొర తలమీదిది కూడా ఒకావిడ బేరమాడింది. ఆయన ఇవ్వలేదు. మర్నాడు పొలాల గట్టున నిలబడి చూస్తే వానలో గిడుగులన్నీ వరసగా వంగి నాట్లు వేస్తున్నాయి. మా గాదె నిండింది.

దారి తప్పి ఒడ్డుకొచ్చిన గొడుగుల్లో ఒకటి మా ఇంటికి చేరింది. దాన్ని అత్త తలకిందులుగా దూలానికి వేలాడదీసి, అందులో గడ్డి పరిచి పొదుగుపెట్టను కూచోబెట్టింది. పదకొండు పిల్లలు లేచాయి. అన్నీ ఈ ఊరివే. కూర్మయ్య ఆ దారిన పోతూ ఆగి వాటి వంక చూశాడు గానీ, మా అత్త చుట్ట నోట్లోంచి తియ్యబోవడం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.